సీఏ-125 ఎక్కువొస్తే క్యాన్సరేనా? అసలు ఆ ప్రోటీన్ పనేంటి?

పోయిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఇదే: "డాక్టర్ గారూ, రిపోర్టులో సీఏ-125 ముప్పై అయిదు దాటింది, క్యాన్సరేనా?" జవాబు చెప్పేముందు అసలు అదేంటో చూద్దాం. క్యాన్సర్ కణాన్ని పట్టుకుని ఉంచే ప్రోటీన్లలో అదీ ఒకటి.

మన కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కదా, ఆ పట్టు ఇచ్చేవాటిలో క్యాడ్‌హెరిన్లు ముఖ్యం. చాలా క్యాన్సర్లలో ఈ-క్యాడ్‌హెరిన్ తగ్గితే కణాలు విడిపోయి పాకుతాయి. అండాశయం దగ్గర కథ తిరగబడింది. మామూలు అండాశయం పైపొరలో అది పెద్దగా ఉండదు, గడ్డల్లో మాత్రం బాగా కనిపిస్తుంది. ఈ క్యాన్సర్లలో చాలావాటికి మూలం ఫెలోపియన్ ట్యూబ్ చివర అని ఇప్పుడు అంటున్నాం. ట్యూబ్ కణాల్లో ఈ-క్యాడ్‌హెరిన్ ముందునుంచే ఉంటుంది, కాబట్టి ఆ వింత కొంత తగ్గిందనుకోండి.

సరే, దానివల్ల క్యాన్సర్‌కి లాభమేంటి? ఇది రక్తంలోకే వెళ్లి పాకాలని లేదు. గడ్డ నుంచి రాలిన కణాలు కడుపులోని నీటిలో తేలతాయి. ఒంటరిగా తేలే కణం మామూలుగా చచ్చిపోవాలి. ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టి బతుకుతాయి. ఉండ లోపలి కణాలకు కీమో మందు కూడా సరిగా అందదు.

ఆ తర్వాత ఎక్కడో అతుక్కోవాలి. కడుపు లోపలి గోడ పొర మీద మీసోథెలిన్ ఉంటుంది, క్యాన్సర్ కణం మీద సీఏ-125 ఉంటుంది. రెండూ తగిలితే గట్టిగా పట్టేసుకుంటాయి. ఇంటెగ్రిన్లు, సీడీ-44 తోడవుతాయి. పేగుల మీద దుప్పటిలా ఉండే కొవ్వు పొర, ఒమెంటమ్, వీటికి ఇష్టమైన చోటు.

మనం రక్తంలో కొలిచేది ఆ ప్రోటీన్ నుంచి తెగిపడిన ముక్కల్ని. నెలసరి, ఎండోమెట్రియోసిస్, గర్భం, కడుపు టీబీ, వీటిలో కూడా అది పెరుగుతుంది. కాబట్టి 35 దాటగానే క్యాన్సర్ కాదు. దాటకపోతే లేదనీ కాదు, మొదటి దశలో దాదాపు సగం మందికి నార్మల్‌గానే వస్తుంది.

నా దగ్గరికి "గ్యాసండి" అంటూ నెలల తరబడి మాత్రలు వాడి వస్తారు. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే నిండిపోవడం, తరచూ మూత్రం, పొత్తికడుపు నొప్పి కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా పోకపోతే, ముఖ్యంగా యాభై దాటినవాళ్లు, స్కాన్ చేయమని అడగండమ్మా. ఇంట్లో అమ్మకో, అక్కకో ఈ క్యాన్సర్ గానీ, రొమ్ము క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.