మీకు తెలుసా? విద్యుత్తును వరించిన దేశము పంపిన పొగబండ్లు

చెప్పుకోదగిన బొగ్గు గనులు లేక, కొండవాగుల జలశక్తి మాత్రము సమృద్ధిగా గల స్విట్జర్లాండు, మొదటి ప్రపంచ యుద్ధమున బొగ్గు దిగుమతి కుంటుపడుటతో, పెక్కు దేశములకంటె ముందుగా తన రైలుమార్గములను విద్యుదీకరించుటకు పూనుకొనెను. అట్టి దేశమందలి వింటర్‌తూర్ కర్మాగారమే మన నీలగిరి కొండదారికి 1914–1925 నడుమ 12, మరల 1952లో 5 ఆవిరి యంత్రములను నిర్మించి పంపెననుట ఎంత విశేషము! ఆ దారిలో కల్లార్ దాటి కూనూరు వఱకు పట్టాల నడుమ పండ్లకమ్మి యున్నచోట, అధికపీడన సిలిండర్లలో బండిచక్రములను త్రిప్పిన ఆవిరియే, వృథా పోక, అల్పపీడన సిలిండర్లలో ప్రవేశించి పండ్లచక్రమును త్రిప్పును. ఇక మన ప్రాంతమున చింతామణి మీదుగా సాగిన 2 అడుగుల 6 అంగుళముల నారోగేజి దారి బ్రాడ్‌గేజిగా మారుటతో ఆ చిన్నబండ్లు మనకు దూరమైనవి; పాతపాళ్యము వంటి ఇక్కడి ఊళ్ల పిల్లలకు పనిచేయుచున్న ఆవిరి యంత్రమును చూపదలచినవారు ఆ నీలగిరి దారి మొదలగు మెట్టుపాళయము దాక పోవలెను.