చూశారు సరే.. ఎందుకు బాగుందో చెప్పగలరా?

‘హాబీలు’ అన్న చోట ‘సినిమాలు చూడటం’ అని రాయని రెజ్యూమే అరుదు. ఇంటర్వ్యూలో ఆ మాట వినగానే ఎదుటివాళ్లు తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. అది సినిమా తప్పేం కాదు. ఆ సమాధానంలో మీ గురించి తెలుసుకోవడానికి ఏమీ లేదు, అంతే.

అదే మీరు ఇలా చెప్పారనుకోండి.. ‘గత ఏడాది 40 కొత్త సినిమాలు చూశాను. ప్రతిదానికీ ఆ రాత్రే పది వాక్యాల సమీక్ష రాసి, రేటింగ్ ఇచ్చాను. డిసెంబరులో అన్నింటికీ ర్యాంకులు వేస్తే, జనవరిలో నెత్తిన పెట్టుకున్న సినిమా పన్నెండో స్థానానికి పడిపోయింది’. ‘ఎందుకు పడిపోయింది?’ అని అడక్కుండా ఎవరూ ఉండలేరు. మీ అసలు ఇంటర్వ్యూ అక్కడ మొదలవుతుంది.

మీరు ఎలాగూ సినిమాలు చూస్తారు. చూసి స్నేహితులతో వాదిస్తారు. ఆ వాదనని ఏడాదిపాటు తేదీలతో, కారణాలతో కాగితం మీద పెడితే అది పని నమూనా అవుతుంది. అనుభవం లేని ఫ్రెషర్ చేతిలో అలాంటిది ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

జాబితాలు రాసుకున్నవాళ్లే..

సినిమా రేటింగ్ అనగానే గుర్తొచ్చే ఐఎండీబీ ఏ పెద్ద కంపెనీలోనో పుట్టలేదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉండే కాల్ నీధమ్ అనే కంప్యూటర్ ఇంజినీరుకి సినిమాల పిచ్చి. చూసిన సినిమాల వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించుకునేవారు. తనలాంటి అభిమానులు తయారుచేసిన జాబితాల్ని కూడా కలిపి వెతుక్కునేలా 1990లో సాఫ్ట్‌వేర్ రాశారు. 1998లో దాన్ని అమెజాన్ కొనుక్కుంది. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు నీధమే దాన్ని నడిపించారు.

ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా త్రుఫోది ఇంకో దారి. పత్రికలో పదునైన సమీక్షలు రాస్తూ పేరు తెచ్చుకున్నారు. 1959లో తన తొలి పూర్తినిడివి చిత్రానికే కాన్స్‌లో ఉత్తమ దర్శకుడి పురస్కారం అందుకున్నారు.

అందరూ నీధమ్‌లు, త్రుఫోలు అయిపోతారని కాదు. ఇద్దరూ ముందు ప్రేక్షకులే. చూసిందాన్ని ఊరికే వదిలేయకపోవడమే తేడా.

2024ని వరుసలో పెట్టి చూడండి

ఈ పని ఎంత కష్టమో తెలియాలంటే ఒక ఏడాదిని తీసుకుందాం. 2024 సంక్రాంతికి జనవరి 12న ఒకే రోజు ‘హనుమాన్’, ‘గుంటూరు కారం’ వచ్చాయి. వెంటనే ‘సైంధవ్’, ‘నా సామిరంగ’. మార్చిలో ‘గామి’, ‘టిల్లు స్క్వేర్’. జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’. ఆగస్టులో ‘కమిటీ కుర్రోళ్లు’, ‘ఆయ్’, ‘సరిపోదా శనివారం’. సెప్టెంబరులో ‘35 చిన్న కథ కాదు’, ‘మత్తు వదలరా 2’, ‘దేవర’. దీపావళికి ‘లక్కీ భాస్కర్’, ‘క’. డిసెంబరులో ‘పుష్ప 2’.

ఇప్పుడు వీటిలో తొలి ఐదు చెప్పండి. అసలు చిక్కు ఇక్కడే. కురుక్షేత్రం నుంచి భవిష్యత్తులోని కాశీ దాకా వెళ్లే ‘కల్కి’నీ, తిరుపతిలో ఓ మామూలు ఇంట్లో జరిగే ‘35’నీ ఏ తూకంతో తూస్తారు? మొదటిదాంట్లో నాగ్ అశ్విన్ కొత్త లోకాన్నే నిర్మించాలి. రెండోదాంట్లో నందకిశోర్ ఈమాని చెప్పేది లెక్కల్లో సున్నా దగ్గరే సందేహంతో ఆగిపోయిన పిల్లాడి కథ, వాడికి పాఠం చెప్పడానికి తానే మళ్లీ పుస్తకం పట్టిన తల్లి కథ. గ్రాఫిక్స్‌కి మార్కులు వేస్తే ‘35’కి అన్యాయం. కంటతడికి మార్కులు వేస్తే ‘కల్కి’కి అన్యాయం.

అందుకే ముందు కొలమానం రాసుకోవాలి. అన్నింటికీ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది.. ‘ఈ సినిమా ఏం చేయాలనుకుంది? అది చేయగలిగిందా?’. దీనికి మీ అవసరాన్ని బట్టి ఇంకో మూడు నాలుగు కలుపుకోండి. పాత్రల ప్రవర్తన నమ్మేలా ఉందా? ఏ సన్నివేశం తీసేసినా నష్టం లేదు? వారం తర్వాత కూడా గుర్తున్నదేంటి? ఒక్కోదానికి ఎన్ని మార్కులో జనవరిలోనే నిర్ణయించండి. డిసెంబరులో నచ్చిన సినిమా పైకి రావడం కోసం కొలమానాన్ని మార్చకండి.

కంపెనీలో ఐదుగురు సరఫరాదారుల్లో ఒకరిని ఎంచుకోవడం, వంద రెజ్యూమేల్లో పదింటిని పక్కకి తీయడం కూడా ఇలాంటి పనులే. పోలిక లేనివాటిని న్యాయంగా పోల్చాలి. మీరు సాధన చేస్తున్నది దాన్నే.

‘ల్యాగ్ అయ్యింది’తో సరిపెట్టొద్దు

‘నిర్మాణ విలువలు బాగున్నాయి. ఎడిటింగ్‌కి ఇంకాస్త పని చెప్పాల్సింది. ఫస్టాఫ్ ల్యాగ్. బీజీఎం అదుర్స్’. ఈ నాలుగు వాక్యాలు ఏ సినిమాకైనా అతుకుతాయి. అంటే ఏ సినిమా గురించీ ఏమీ చెప్పవు.

‘ఫస్టాఫ్ ల్యాగ్’ అనే బదులు ‘హీరోకి కావాల్సిందేంటో తెలియడానికే 40 నిమిషాలు పట్టింది. ఆలోపు వచ్చిన రెండు పాటలు తీసేసినా కథ ఆగదు’ అని రాయండి. ఎవరైనా ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. కానీ వాదించడానికి ఆధారం దొరికింది. అభిప్రాయానికి ఆధారం చూపించడమే గ్రూప్ డిస్కషన్‌లోనూ, ఆఫీసు రిపోర్టులోనూ మిమ్మల్ని అడిగేది.

ఇంకో రెండు కట్టుబాట్లు పెట్టుకోండి. ఒకటి, 150 పదాలు దాటొద్దు. రెండు, మలుపుల గుట్టు విప్పొద్దు. ‘క’లాంటి సినిమా గురించి అసలు రహస్యం చెప్పకుండా అది ఎందుకు పనిచేసిందో రాసి చూడండి. ఏది చెప్పాలో, ఏది దాచాలో తెలిసి రాయడం అప్పుడే పట్టుబడుతుంది.

అంకెల వెనక లెక్క

డేటా ఉద్యోగాల మీద కన్నేసినవాళ్లకి ఇందులో మరో పాఠం ఉంది. పది ఓట్లతో 9.5 వచ్చిన సినిమా, పదివేల ఓట్లతో 8.2 వచ్చిన సినిమా.. ఏది పైన ఉండాలి? మామూలు సగటు తీస్తే మొదటిదే. ఆ ఓట్లు దర్శకుడి స్నేహితులవి కూడా కావచ్చు కదా!

ఐఎండీబీ తన టాప్ 250 కోసం వెల్లడించిన సూత్రం దీన్ని తెలివిగా పరిష్కరిస్తుంది. ఓట్లు తక్కువగా ఉంటే సినిమా స్కోరుని మొత్తం సినిమాల సగటు వైపు లాగుతుంది. ఓట్లు పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. ఉదాహరణకి సగటు 6.5 అనుకుందాం. కనీస ఓట్లు 1,000 అనుకుందాం. 40 ఓట్లతో 9.5 వచ్చిన సినిమా 6.62 దగ్గర ఆగుతుంది. 40,000 ఓట్లతో 8.2 వచ్చింది మాత్రం 8.16 దగ్గర నిలబడుతుంది. ఎక్సెల్‌లో పది నిమిషాల పని. చేసి చూడండి.

రాటెన్ టొమాటోస్ శాతం సంగతి వేరు. అది మార్కుల సగటు కాదు. ‘బాగుంది’ అన్న విమర్శకులు వందలో ఎంతమంది అన్నదే ఆ అంకె. పదిమందీ ఐదుకి మూడున్నర ఇచ్చినా 100 శాతం చూపిస్తుంది. అంకెని నమ్మేముందు అది ఎలా వచ్చిందో అడగడం ఏ అనలిస్టుకైనా మొదటి లక్షణం.

ఈ రేటింగుల లెక్క ఎంత విలువైనదో 2006లో నెట్‌ఫ్లిక్స్ చూపించింది. సుమారు 10 కోట్ల రేటింగుల్ని బయటపెట్టి, తమ అంచనాల్ని 10 శాతం మెరుగుపరిచినవాళ్లకి 10 లక్షల డాలర్లు ఇస్తామంది. 2009లో ఓ బృందం గెలుచుకుంది. ఆ పోటీలో జట్లు ముందుగా లెక్కలోకి తీసుకున్న వాటిలో ఒకటి చాలా మామూలు విషయం.. కొందరు అన్నింటికీ ధారాళంగా మార్కులేస్తారు, కొందరు పిసినారులు. మరి మీరు ఏ రకం? ఏడాది చివర మీ రేటింగుల సగటు తీస్తే తెలిసిపోతుంది.

మీ సగటు ఎక్కువగా వస్తే సంబరపడకండి. బాగుంటుందని అనుకున్నవాటికే వెళ్లి ఉంటారు. ఏడాదిలో విడుదలైనవన్నీ ఎవరూ చూడలేరు. కాబట్టి ‘ఏడాది ఉత్తమ చిత్రాలు’ అనొద్దు. ‘నేను చూసిన 40లో’ అనండి. ఈ చిన్న నిజాయతీ మీ మాట విలువ పెంచుతుంది.

అభిమానం అడ్డొచ్చే చోటు

మన దగ్గర దీనికి అతిపెద్ద పరీక్ష హీరో. బెనిఫిట్ షోలో కాగితాలు ఎగరేసి వచ్చిన రాత్రి ఇచ్చిన రేటింగ్ ఆ రాత్రికి నిజమే. దాన్ని చెరిపేయకండి. నెల తర్వాత, డిసెంబరులో మళ్లీ రేటింగ్ ఇచ్చి పక్కనే రాయండి. తేడా ఎంతుందో చూడండి. థియేటర్లో చూశారా, హాస్టల్ గదిలో ఫోన్‌లో చూశారా అన్నది కూడా రాయండి. తేడాకి అదీ కారణం కావచ్చు.

అవతలి హీరో సినిమాకి చూడకుండానే ఒక స్టార్ ఇవ్వడం, సోషల్ మీడియాలో తిట్టుకోవడం మాత్రం వద్దు. నాలుగేళ్ల కింద ఆవేశంలో పెట్టిన పోస్టు కూడా మీ పేరు వెతికితే బయటపడుతుంది. మీ అభిమాన హీరో సినిమాలో లోపాన్నీ, నచ్చని హీరో సినిమాలో మంచినీ ఆధారంతో రాసిన రెండు సమీక్షలు చాలు.. మీరు పక్షపాతం పక్కనపెట్టగలరని చూపించడానికి.

గీత దాటొద్దు

సమీక్ష వీడియో కోసం థియేటర్లో తెరని ఫోన్‌తో రికార్డు చేయడం నేరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. టైటిల్ కార్డు దగ్గర స్టేటస్ పెట్టే సరదా ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకి అసలే వద్దు.

నాలుగు వేలమంది అనుసరిస్తే చాలు, ‘డబ్బిస్తాం, మంచిగా చెప్పు’ అనేవాళ్లు తగులుతారు. డబ్బు తీసుకున్న పోస్టుని ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నిబంధనలు పెట్టింది. చెప్పకుండా దాచారంటే మిగతా 39 సమీక్షల్నీ ఎవరూ నమ్మరు.

రెజ్యూమేలోకి ఎలా?

ముందే చెప్పుకుందాం.. ఈ జాబితా చూసి ఎవరూ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టరు. సబ్జెక్టు, ఆప్టిట్యూడ్ ఎలాగూ రావాలి. సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరిని ఎంచుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

ఏ ఉద్యోగమో చూసుకుని ఏది ముందు పెట్టాలో నిర్ణయించుకోండి. పత్రికలు, చానళ్లు, కంటెంట్ రైటింగ్ అయితే మూడు మంచి సమీక్షలు చాలు. సబ్‌టైటిళ్లు, అనువాదం అయితే ఒక సమీక్షని తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ చూపించండి. డేటా అయితే ఎక్సెల్ షీటు, అందులోంచి మీరు కనిపెట్టిన రెండు విషయాలు. మార్కెటింగ్ అయితే ఐదుగురు మిత్రుల ర్యాంకుల్ని కలిపి, ఎవరికి ఏది ఎందుకు నచ్చిందో ఒక పేజీ.

రెజ్యూమేలో ఒక్క వాక్యం చాలు: ‘ఏడాదిలో 40 తెలుగు చిత్రాలకు నిర్ణీత కొలమానంతో సమీక్షలు, ర్యాంకులు’. 40 అని రాశారంటే నిజంగా 40 ఉండాలి. నాలుగో ప్రశ్నకే అబద్ధం తేలిపోతుంది.

ఖర్చు గురించి బెంగ వద్దు. నెలకి ఒకటి థియేటర్లో, మిగతావి ఓటీటీలోకి వచ్చాక చూడండి. నలభై కుదరకపోతే ఇరవై నాలుగు. సంఖ్య కన్నా ఆపకుండా ఏడాది సాగడం ముఖ్యం.

ప్రతి సినిమాకీ ఇవి రాసుకోండి

* చూసిన తేదీ, ఎక్కడ చూశారు
* చూడకముందు మీ అంచనా ఎంత
* ఆ రాత్రి రేటింగ్, దానికి రెండు కారణాలు
* బాగా గుర్తున్న సన్నివేశం ఒకటి, తీసేయాల్సింది ఒకటి
* మిత్రులు మీతో విభేదించిన విషయం
* డిసెంబరులో రేటింగ్, మారితే ఎందుకు మారింది

చివరి గడిని అశ్రద్ధ చేయకండి. అభిప్రాయం అందరికీ ఉంటుంది. అదెందుకు మారిందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఈ శుక్రవారం విడుదలయ్యే సినిమాతోనే మొదలుపెట్టండి.