గర్భసంచి ముఖద్వార క్యాన్సర్: బాధ లేనప్పుడే పరీక్ష



"నాకే బాధా లేదు కదా డాక్టరమ్మా, పరీక్ష దేనికి?" వరంగల్, హన్మకొండ చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చే తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. బాధ లేనప్పుడు చేయించుకోవలసిన పరీక్షే ఇది.

ఈ క్యాన్సర్ ఒక్క రోజులో రాదు. దీనికి మూలం హెచ్.పి.వి. అనే వైరస్. లైంగిక కలయిక వల్ల సోకే ఈ వైరస్ చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం నిలిచిపోయి, కణాలను మెల్లగా మారుస్తుంది. అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ల పైనే పడుతుంది. ముట్లుడిగాక రక్తస్రావం, కలయిక తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట కనిపించేసరికి జబ్బు ముదిరి ఉండవచ్చు. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మందికి ఈ జబ్బు వచ్చిందనీ, దాదాపు 80,000 మంది మరణించారనీ అంచనా.

పరీక్షలు మూడు రకాలు

1. వెనిగర్ పరీక్ష: ముఖద్వారంపై పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు ఉన్నచోట తెల్లబడుతుంది. ఫలితం అప్పుడే తెలుస్తుంది.

2. పాప్ స్మియర్: బ్రష్‌తో కణాలను తీసి మైక్రోస్కోపులో చూస్తారు.

3. హెచ్.పి.వి. పరీక్ష: వైరస్ ఉందో లేదో చెబుతుంది. దీనికి నమూనాను స్త్రీ తానే తీసి ఇవ్వవచ్చు.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా గ్రామాలలో 30 నుండి 59 ఏళ్ల స్త్రీలు సుమారు 1,30,000 మందితో ఒక అధ్యయనం జరిగింది. హెచ్.పి.వి. పరీక్ష ఒక్కసారి జరిపిన గ్రామాలలో, ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో వెల్లడైంది.

తేడా కనిపిస్తే?

తేడా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. మారిన భాగాన్ని చల్లదనంతో గాని, వేడితో గాని తొలగిస్తే చాలామందికి సరిపోతుంది. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. తెల్లబట్ట అవుతోందని, క్యాన్సర్ వస్తుందన్న భయంతో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. ముందు పరీక్ష చేయించండి. ఆపరేషన్ మాట ఆ తర్వాత.

ఎవరు, ఎప్పుడు?

30 నుండి 65 ఏళ్ల స్త్రీలందరూ ఐదేళ్లకొకసారి చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారు 25 ఏళ్ల నుండే, ఇంకా తరచుగా చేయించుకోవాలి. బహిష్టు రోజులలో రావద్దు. పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. మత్తు అవసరం లేదు.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనసమూహంలో వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రాన్ని ముట్టింది. ఆయన ఆమెను సిగ్గుపరచలేదు, కుమార్తె అని పిలిచాడు. మీరూ సిగ్గుపడి ఆగిపోకండి. అత్తగారిని, తోడికోడలిని కూడా వెంటబెట్టుకొని రండి.