లంబకోణము నెరుగని యంత్రము

తెలుగునాట నాపరాతి బండలు పరచిన ఇల్లు చూడనివారు అరుదు. ఆ బండలలో పేరెన్నికగన్నవి తాండూరు బండలు. కొడంగల్ నుండి సుమారు ఇరువది కిలోమీటర్లు సాగినచో తాండూరు చేరుదుము. భూగర్భమున పొరలు పొరలుగా పేరుకొనిన సున్నపురాయిని అచ్చట పలకలుగా వెలికితీసి, అంచులు కోసి, నునుపుపెట్టి దూరప్రాంతములకు పంపుచున్నారు. ఈ బండలను పరచు మేస్త్రీని శ్రద్ధగా గమనించిన విద్యార్థికి ఒక సంగతి తెలియును. మొదటి బండను కుదుర్చుటకే అతడు అధికకాలము తీసికొనును. దారము లాగును, మూలమట్టముతో మూల చూచును, రసమట్టముతో వాటము చూచును. ఆ ఒక్క బండ కుదిరిన పిదప తక్కిన పని వడివడిగా సాగిపోవును. మొదటి మూలలో వెంట్రుకవాసి తప్పు దొరలినచో, ఎదుటి గోడ చేరునప్పటికి అది వ్రేలెడు సందుగా పెరుగును. ‘ఆదిలోనే హంసపాదు’ అను మాటకు ఇంతకంటె మంచి నిదర్శనము వేరొకటి అక్కరలేదు.

నేడు పాఠశాలల ముంగిటికి వచ్చుచున్న ఒక క్రొత్త పనిముట్టునకును ఈ న్యాయమే వర్తించును. దానిని సి.ఎన్.సి. యంత్రమందురు. కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్ అను మాటలకు అది సంక్షిప్తరూపము. అంకెలరూపమున నిచ్చిన ఆజ్ఞల ననుసరించి కదలుచు, గిరగిర తిరుగు ఉలితో చెక్కను, ప్లాస్టిక్కును, మెత్తని లోహమును మలచు యంత్రమని దాని భావము. బల్లమీద ఇమిడిపోవు చిన్న నమూనాలు అభిరుచిగలవారికి విడిభాగములుగా లభించుచున్నవి. కొన్నవారే వానిని బిగించుకొనవలెను. బిగించుట ఒక పూట పని. కుదుర్చుట అంతకు మించిన పని. ఈ వ్యాసము ఆ రెండవదానిని గూర్చి.

ఈ యంత్రము పుట్టుక హెలికాప్టరు రెక్కలతో ముడివడియున్నది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునకు చెందిన జాన్ పార్సన్స్ అను పారిశ్రామికుడు ఆ రెక్కల వంపులను సరిగా మలచు ఉపాయమును వెదకుచు, వంపును బిందువుల పట్టికగా మార్చి, ఆ అంకెల చొప్పున ఉలిని నడపవచ్చునని తలచెను. ఆ దారినే సాగిన పరిశోధన ఫలించి, 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అంకెలచే నడచు తొలి మలుపుడు యంత్రము ప్రదర్శింపబడెను. నాడు దానిని నడపు పరికరమునకే పెద్ద స్థలము కావలసివచ్చెను. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో అను చిన్న విద్యుత్పలకము, 2009లో వెలువడిన జి.ఆర్.బి.ఎల్. అను ఉచిత ప్రోగ్రాము ఆ పనిని అరచేతిలోనికి దింపినవి.

మన దేశమున పాఠశాల విద్యార్థులకొరకు అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకము 2016లో మొదలైనది. హైదరాబాదులో 2023 మార్చి 2వ తేదీన ప్రారంభమైన టి-వర్క్స్ అను సంస్థలో ఇట్టి యంత్రములు పెద్దయెత్తున కలవు. అయితే 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లాలో చేరిన కొడంగల్‌కు హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్ల దూరము. ప్రతి చిన్న సవరణకును నిపుణుని రప్పింపజాలని పాఠశాల ఏమి చేయవలెను? మొదటి ఫలకముపై అక్షరములు వంకరగా వచ్చినంతనే ‘యంత్రము మంచిది కాదు’ అని గుడ్డ కప్పి మూలకు నెట్టవలెనా? అక్కరలేదు. యంత్రమును సత్యమార్గమున నిలుపుటకు ధనము కంటె పద్ధతి ముఖ్యము. ఆ పద్ధతి మన గణిత పాఠములలోనే ఉన్నది.

సూక్ష్మత వేరు, యథార్థత వేరు

మొట్టమొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఈ యంత్రమును కదపు స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగును. అనగా ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు. దానిని నడపు పరికరము ప్రతి అడుగును మరల 16 భాగములు చేసినచో చుట్టునకు 3200 అడుగులగును. మోటారునకు తగిలించిన మరకడ్డీ ఒక చుట్టు తిరిగినపుడు నట్టు 8 మిల్లీమీటర్లు సాగుననుకొందము. 3200ను 8చే భాగింపగా మిల్లీమీటరునకు 400 అడుగులు. ఒక్క అడుగు 0.0025 మిల్లీమీటరు. ప్రయోగశాలలో స్క్రూగేజిని ఉపయోగించిన విద్యార్థికి ఇది క్రొత్తలెక్క కాదు. అచ్చట మరభ్రమణాంతరమును తలస్కేలు విభాగములచే భాగించితిమి. ఇచ్చటను అదే భాగహారము.

ఇంతటి సూక్ష్మమైన అడుగు వేయు యంత్రము తప్పు చేయునా యని సందేహము కలుగవచ్చును. తప్పక చేయును. అది అడుగులు లెక్కించునే గాని, తాను నడచు త్రోవ తిన్ననిదో కాదో ఎరుగదు. రెండు పట్టాల నడుమ కోణము 90 డిగ్రీలైనను, 89 డిగ్రీలైనను దానికి ఒక్కటియే. చతురస్రము చెక్కుమన్నచో వంకరచతురస్రమును అతినేర్పుగా చెక్కి ఇచ్చును. పదిమారులు చెప్పినచో పదిమారులును అదే వంకర. సూక్ష్మత యంత్రము తనతో తెచ్చుకొనును. యథార్థత మాత్రము మనుష్యుడు ఈయవలసినది.

మూడురాళ్ల పొయ్యి చెప్పు పాఠము

మొదటిపని అడుగుచట్రము. మన పల్లెలలో పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు పెట్టుదురు? మూడు బిందువులు ఎల్లపుడును ఒకే తలమున ఉండును. కావున కుండ ఊగదు. నాలుగు కాళ్ల పీట ఊగుటకు కారణము, నాలుగవ బిందువు ఆ తలమును తప్పవచ్చును. యంత్రపు చట్రమునకు సామాన్యముగా నాలుగు మూలలుండును. దానిని నునుపుచేసిన ఒక దళసరి బండపై ఉంచి, ఒక్కొక్క మూలను వ్రేలితో నొక్కి చూడవలెను. ఊగు మూలక్రింద పలుచని రేకుముక్కను చేర్చవలెను. అట్లు చేయక మరలు బిగించినచో చట్రము మెలిపడును. ఆ మెలిక పైనున్న ప్రతిభాగమునకును సంక్రమించును.

తరువాత జంటకడ్డీలు. వాని నడుమ దూరమును వెర్నియర్ కాలిపర్స్‌తో రెండు చివరలను కొలువవలెను. రెండు కొలతలును సమానమైనచో అవి సమాంతరములు. కదలెడు భాగమును చేతితో ఈ కొసనుండి ఆ కొసకు నెట్టినపుడు ఎచ్చటను పట్టివేయక ఒకే బిగువుతో సాగవలెను. ఈ పరీక్షలో వ్రేళ్లే ఉత్తమసాధనములు.

ఆపస్తంబుని త్రాడు

ఇక అసలు మూల. యజ్ఞవేదికలను నిర్మించుటకు క్రీస్తుపూర్వకాలమున పుట్టిన శుల్బసూత్రములు త్రాటికొలతల శాస్త్రము. ఆంధ్రదేశమున అనేక కుటుంబములవారు ప్రవరలో ఏ ఆపస్తంబుని పేరు చెప్పుకొనుచున్నారో, ఆ పేరుగల శుల్బసూత్రమున 3, 4, 5 కొలతలతో లంబకోణమును సాధించు విధానము కలదు. అదియే నేటికిని తాపీమేస్త్రీ వాడుకలో ఉన్నది. యంత్రమునకును అదియే చాలును.

300 మిల్లీమీటర్ల నిడివి, 180 మిల్లీమీటర్ల వెడల్పు మేర కదలు యంత్రమును తీసికొందము. దానిచే ఒక చెక్కపై నాలుగు సన్నని రంధ్రములు వేయింపవలెను. అవి 240 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రపు నాలుగు మూలలు కావలెను. 240, 180 అనునవి 4, 3 యొక్క అరువదింతలు. కనుక కర్ణము 5 యొక్క అరువదింతలు, అనగా 300 మిల్లీమీటర్లు. రెండు కర్ణములును సమానమైనచో మూలలు లంబకోణములు. ఇందొక చక్కదనమున్నది. మన కొలబద్ద కొంచెము తప్పుగా ఉన్నను ఈ పరీక్ష చెడదు. ఎందుకనగా మనకు కావలసినది కర్ణము పొడవు కాదు, రెండు కర్ణముల సమానత్వము.

కర్ణముల నడుమ 1 మిల్లీమీటరు తేడా కన్పట్టెననుకొందము. లెక్క కట్టినచో, 180 మిల్లీమీటర్ల భుజము కొస సుమారు 0.625 మిల్లీమీటరు ప్రక్కకు ఒరిగినదని తేలును. అదే యంత్రము 100 మిల్లీమీటర్ల వృత్తమును చెక్కినచో అది వృత్తము కాక, ఐమూలగా సాగిన దీర్ఘవృత్తమగును. దాని పెద్ద వ్యాసమునకును చిన్న వ్యాసమునకును తేడా సుమారు మిల్లీమీటరులో మూడవవంతు. కంటికి కనబడదు, కాని అందులో గుండ్రని మూతను అమర్చబోయినపుడు బయటపడును. పొడవైన కర్ణము ఏ దిక్కున ఉన్నదో చూచి, అడ్డదూలపు మరలను సడలించి, తగినంత జరిపి, బిగించి, మరల రంధ్రములు వేయించి కొలువవలెను. మూడు నాలుగు మారులు చేయకుండ ఈ పని ముగియదు.

మూలమట్టమునే పరీక్షించుట

మూలమట్టముతో చూచిన సరిపోదా యని కొందరడుగుదురు. ఆ మూలమట్టము నిజమైనదని ఎవరు చెప్పిరి? దానిని పరీక్షించుటకు మరియొక మూలమట్టము కావలెనన్నచో ఆ వరుసకు అంతులేదు. ఉపాయము సులభము. తిన్నని అంచుగల పలకకు మూలమట్టమును ఆనించి సన్నని గీత గీయవలెను. పిమ్మట దానిని బోర్లించి అదే బిందువునుండి మరల గీయవలెను. రెండు గీతలును కలిసినచో మట్టము నిజము. విడిపోయినచో వాని నడుమ కోణములో సగము మూలమట్టపు దోషము. రసమట్టమును సయితము ఇట్లే కొసలు మార్చి చూడవచ్చును; రెండు మారులును బుడగ ఒకేచోట నిలువవలెను.

పెద్ద పరిశ్రమల పునాదియు ఇట్టిదియే. ఇంగ్లండునందు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో చదునైన లోహఫలకములను సిద్ధపరచు విధానమును పండితసభలో వివరించెను. రెండు ఫలకములను ఒకదానితో నొకటి రాపాడించి సరిచేసినచో, ఒకటి ఉబ్బుగను రెండవది పల్లముగను ఉండియు సరిగా అతుకవచ్చును. మూడవదానిని చేర్చి, మూడింటిని జతలుజతలుగా సరిచూచినపుడు ఆ మోసము సాగదు. మూడును పరస్పరము అతికినచో మూడును చదునైనవే. ఎదుట ఆదర్శఫలకము లేకయే ఆదర్శము సిద్ధించినది. ఖరీదైన సాధనములు లేని పాఠశాలకు ఇంతకంటె ధైర్యము చెప్పగల కథ ఏది?

నిలువుగడ, కాగితపుముక్క

ఉలిని త్రిప్పు స్పిండిల్ బల్లకు లంబముగా నిలువవలెను. వర్క్‌షాపులలో ఇందుకు డయల్ గేజి వాడుదురు. అది లేనిచో, విద్యుత్తును పూర్తిగా తొలగించిన పిమ్మట, స్పిండిల్‌కు వంచిన గట్టితీగను బిగింపవలెను. తీగ కొస కేంద్రమునుండి 75 మిల్లీమీటర్ల దూరమున ఉండవలెను. కొసక్రింద కాగితపుముక్కను ఉంచి, అది కొంచెము పట్టునంతవరకు స్పిండిల్‌ను దింపి, చేతితో అరచుట్టు త్రిప్పి ఎదుటివైపున చూడవలెను. సామాన్యమైన వ్రాతకాగితపు మందము సుమారు 0.1 మిల్లీమీటరు. 150 మిల్లీమీటర్ల దూరమున ఒక కాగితపు తేడా వచ్చినచో ఒరుగు 1500లో 1 వంతు. కుడియెడమలు, ముందువెనుకలు విడివిడిగా చూచి, అవసరమైనచోట రేకుముక్కలు చేర్చవలెను. ఇది ముగిసిన తరువాతనే బల్లపై అడుగుచెక్కను బిగించి, దాని ముఖమును యంత్రముచేతనే చదునుచేయింపవలెను. క్రమము తారుమారైనచో చదునునకు బదులు మెట్లుమెట్లుగా గీరలు పడును.

తుదకు అంకెలు

కొలతల సవరణ అన్నిటికంటె చివర రావలెను. 200 మిల్లీమీటర్లు జరుగుమనగా 198 మాత్రమే జరిగినచో, 400ను 200చే గుణించి 198చే భాగింపగా 404.04 వచ్చును. అయితే తొందరపడి ఈ అంకెను వ్రాయరాదు. మరకడ్డీకిని మోటారునకును నడుమనున్న జోడు సడలినదేమో ముందు చూడవలెను. శరీరదోషమును అంకెలతో కప్పిపుచ్చుట జ్వరము తగ్గలేదని థర్మామీటరును దిద్దుటవంటిది.

నట్టుకును మరకును నడుమ కొంత ఆట ఉండును. ముందునకు సాగిన బండిని వెనుకకు మరల్చినపుడు కాడి సందు తీరువరకు ఎద్దులు కదలినను బండి కదలదు. ఇదియు అట్లే. కావున కొలత తీయునపుడు ప్రతిమారును ఒకే దిక్కునుండి బిందువును సమీపింపవలెను. వేసవిని మరువరాదు. 300 మిల్లీమీటర్ల అల్యూమినియము చట్రము 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పెరిగినచో సుమారు 0.14 మిల్లీమీటరు సాగును. ఉదయము కుదిర్చిన యంత్రమును మధ్యాహ్నము కొలిచి నిందింపరాదు.

జాగ్రత్తలను తేలికగా చూడరాదు. కన్నులకు అద్దములు, ముక్కునకు ముసుగు తప్పనిసరి. చెక్కపొడియైనను రాతిపొడియైనను ఊపిరితిత్తులకు హాని. వ్రేలాడు దుస్తులు, విరబోసిన జడ యంత్రము దరికి రారాదు. యంత్రమును తక్షణమే ఆపు మీట చేతికందుచోట ఉండవలెను. తాండూరు బండలను కోయుట ఈ చిన్నయంత్రమునకు తలకుమించిన పని. దాని బలమునకు తగిన చెక్కతో ప్రారంభించుట మేలు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. యంత్రము పాఠశాలకు వచ్చినపుడు దానిని ఇతరులచే కుదిర్పించి, విద్యార్థులకు మీట నొక్కు పని మాత్రమే అప్పగింపకుడు. మీట నొక్కినవాడు యంత్రమునకు కూలివాడగును; మూల కుదిర్చినవాడు దానికి యజమానుడగును. కర్ణములు రెండును సమానమైన క్షణమున, నల్లబల్లపై చాలకాలముగా చూచుచున్న సిద్ధాంతము తన చేతిక్రింద నిజమగుట విద్యార్థి చూచును. పరీక్షలో మార్కులకొరకు వల్లించినది ఆ క్షణమునుండి అతని సొంత ఆస్తి.