నేపాళ దేశమున కొండదారి ప్రయాణము



వార్ధక్యము వచ్చిన పిమ్మట ముక్తినాథ యాత్ర చేయవలెనని కోరువారు మన పల్లెలలో తొల్లింటి నుండియు కలరు. శ్రీవైష్ణవులు దానిని నూట యెనిమిది దివ్యదేశములలో సాలగ్రామ క్షేత్రముగా గణింతురు. మన యిండ్ల పూజాపీఠములందలి సాలగ్రామములు అక్కడి గండకీ నదిలో లభించునవియే. పూర్వము ఈ యాత్ర కాలినడకను సాగెడిది. ఈ శతాబ్ది మొదటి దశాబ్ది చివర మోటారుబండ్లు ఆ కొండలపైకి పోవ నారంభించినవి. నేడు ఆలయమునకు దిగువనున్న రాణీపౌవా గ్రామము వరకు బండిలో పోవచ్చును. అందువలన యాత్ర సులభమైనదని పలువురు తలచుచున్నారు. శ్రమ తగ్గిన మాట నిజము. అపాయము మాత్రము వేరు రూపము దాల్చినది. నేను ఆ దారిని పోయి వచ్చినవాడను గనుక, యాత్రకు పోదలచినవారికిని, వారిని పంపు కుటుంబ పెద్దలకును ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మొదట ఆ కొండల స్వభావము తెలిసికొనవలెను. మన నల్లమల కొండలు అత్యంత ప్రాచీనములు. హిమాలయములు వానితో పోల్చిన పసిబిడ్డల వంటివి. మన భరతఖండపు నేల ఉత్తరమునకు జరుగుచు ఆసియా ఖండము క్రిందికి చొచ్చుకొని పోవుచున్నది. ఆ ఒత్తిడి వలన పుట్టిన కొండలు నేటికిని పెరుగుచునే యున్నవి. అందలి రాయి నలిగి, పగిలి, పొరలు పొరలుగా నుండును. 2015 ఏప్రిలు 25వ తేదీ భూకంపమున ఇంచుమించు తొమ్మిదివేల మంది మరణించిరి. ఆ కుదుపునకు వదులైన కొండవాలులు అనేకము. అటువంటి వాలు నడుమ నేలను మెట్టుగా కోసి బాట వేసినచో, పై మట్టికి కాలి క్రింది ఆధారము పోవును. వాననీరు ప్రక్కకు పోవుటకు కాలువ లేనిచో ఆ నీరు మట్టిలో ఇంకి బరువెక్కించును. అప్పుడు కొండచరియ విరిగిపడును. పల్లెలకు పోవు దారులు పెక్కు బుల్డోజరుతో త్రవ్వి, కాలువలును గోడలును కట్టకయే వదలినట్టివి.

ఆ దేశమునకు రహదారులు వచ్చి ఎంతో కాలము కాలేదు. కాఠ్మాండూ నగరమును భారతదేశముతో కలిపిన మొదటి మోటారుబాటయైన త్రిభువన రాజపథము, మన దేశపు సహాయముతో నిర్మింపబడి, 1956లో తెరువబడినది. అంతకు పూర్వము నగరములోని ప్రభువుల మోటారుకార్లను సైతము కూలీలు వెదురు కట్టి, భుజములపై మోసి, కొండలు దాటించెడివారు. చైనా సహాయముతో కాఠ్మాండూ పోఖరాల నడుమ పృథ్వీ రాజమార్గము తరువాతి కాలమున వచ్చినది. ఈ మార్గము చాలదూరము త్రిశూలీ, మర్స్యాంగ్దీ నదుల గట్టునే సాగును. ఒక ప్రక్క నిలువు కొండ, మరియొక ప్రక్క లోతున నది. నగరమునకు కావలసిన ధాన్యము, నూనె, ఇనుము మోయు లారీలును, ప్రయాణికుల బస్సులును అదే దారిని పోవలెను.

ఇక వాన సంగతి. ఆ దేశమున ఏడాది వర్షములో ఇంచుమించు ఎనుబది పాళ్లు జూను నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురియును. 2024 జూలై 12వ తేదీ తెల్లవారక మునుపే, నారాయణఘాట్ ముగ్లింగ్ దారిలో సిమల్‌తాల్ యొద్ద కొండ విరిగి, రెండు బస్సులను త్రిశూలీ నదిలోనికి త్రోసివేసినది. వానిలో అరువదిమందికి పైగా నుండిరి. బ్రతికి బయటపడినవారు ముగ్గురు. ఆ సంవత్సరమే ఆగస్టు 23వ తేదీన, పోఖరా నుండి కాఠ్మాండూ పోవుచున్న భారతీయ యాత్రికుల బస్సు తనహూ జిల్లాలో మర్స్యాంగ్దీ గట్టున పడి, 27 మంది ప్రాణములు కోల్పోయిరి. వారు మహారాష్ట్రమునుండి తీర్థయాత్రకు పోయినవారు. సెప్టెంబరు చివరి దినములలో వాన తగ్గెననుకొన్న వేళ మహావర్షము కురిసి, ధాడింగు జిల్లాలో ఝ్యాప్లే ఖోలా యొద్ద, దారి మూసికొనిపోగా ఆగియున్న బండ్లపై కొండ విరిగిపడినది. అందు పలువురు సమాధి యైరి.

ఈ మూడింటను మూడు పాఠములు గలవు. మొదటిది రాత్రి ప్రయాణము కూడదనుట. చీకటిలో కొండనుండి జారు మట్టిని చోదకుడు చూడజాలడు. రెండవది యాత్రికుల బస్సైనంత మాత్రమున నది మన్నింపదనుట. మూడవది మిక్కిలి ముఖ్యము. బండి ఆగినంత మాత్రమున అపాయము తప్పదు. ఎచ్చట ఆగితిమో చూచుకొనవలెను. నిటారు కొండ క్రింద, వాగు నోటి యెదుట ఆగిన బండిలో కూర్చుండి నిద్రించుట కంటె, వెనుకకు మరలి విశాలమైన ఊరిలో రాత్రి గడపుట శ్రేయము.

మన ప్రాంతమునుండి పోవువారు పెక్కుమంది గోరఖ్‌పూరు మీదుగా సునౌలీ సరిహద్దు దాటి, బుట్వల్ పట్టణమునుండి సిద్ధార్థ రాజమార్గమున పోఖరా చేరుదురు. బుట్వల్ దాటగనే సిద్ధబాబా ఆలయము గలదు. అచ్చటి కొండనుండి రాళ్లు దొర్లిపడుట ప్రసిద్ధము. ఆ తావును తప్పించుటకే సొరంగమార్గము తలపెట్టిరి. వాన కురియుచుండగా ఆ దారిని దాటింపుమని చోదకుని తొందరపెట్టరాదు.

పోఖరా దాటి బేని మీదుగా జోమ్‌సోమ్ పోవు దారి అన్నపూర్ణా ధవళగిరి శిఖరముల నడుమ కాళీగండకీ లోయలో సాగును. 2015 మే నెలలో బేనికి ఎగువ కొండ కూలి నదికే అడ్డుపడి కొన్ని గంటలు నీటిని నిలిపివేయగా, దిగువ గ్రామముల ప్రజలను ఎత్తు తావులకు తరలింపవలసి వచ్చెను. ఈ దారిలో వంతెన లేని వాగులు కొన్ని బండి చక్రములతోనే దాటవలసి యుండును. ఒకచోట మా చోదకుడు, ఇరువదియైదేండ్ల యువకుడు, వాగు ముందర బండి నిలిపి, దిగి, గట్టున కూర్చుండెను. మాలో కొందరు విసుగుకొనిరి. అతడు, “అయ్యా, నీరు ఎర్రబారియున్నది. అడుగున రాయి కనబడుట లేదు” అని మాత్రము చెప్పెను. గంట గడచిన పిమ్మట నీరు తేరెను. అప్పుడు నెమ్మదిగా దాటించెను. మంచుకరుగు వాగులు ఉదయము తగ్గియుండి, ఎండ ముదిరిన కొలది పొంగును. ఆ లోయలో ప్రతిదినము ఇంచుమించు పదునొకండు గంటల నుండి ధూళితో కూడిన ప్రచండ వాయువు వీచును. అందుచేత అక్కడి ప్రయాణము తెల్లవారగనే ఆరంభించి మధ్యాహ్నములోపల ముగించుట ఉత్తమము.

మరియొక అపాయమును దారియే తెచ్చిపెట్టినది. పోఖరా సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల ఎత్తు. ముక్తినాథము సుమారు 3,700 మీటర్లు. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో మూడింట రెండువంతులే. నడచిపోయిన పూర్వులకు పెక్కు దినములు పట్టెడిది గనుక శరీరము క్రమముగా అలవాటుపడెడిది. బండి ఒకటి రెండు దినములలో పైకి చేర్చును. తలనొప్పి, వాంతి, ఆయాసము, తూలుట కనబడినచో అది అజీర్ణమని భ్రమపడి ముందుకు పోరాదు. వెంటనే దిగువకు దిగుటయే చికిత్స. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు వైద్యుని అడుగక బయలుదేరరాదు. పోవువారు జోమ్‌సోమ్ ప్రాంతమున ఒకటి రెండు రాత్రులు నిలిచి పోవుట మంచిది.

బండి విషయమునను పెద్దలు విచారింపవలెను. కొండ దిగునపుడు తక్కువ గేరులో దింపక, బ్రేకు నొక్కుచునే పోయినచో అది కాగి పట్టు తప్పును. పరిమితికి మించి జనులను ఎక్కించుకొన్న బండి మలుపున వెలుపలికి ఒరగును. రాత్రియంతయు నడపి తెల్లవారి మరల నడపువాని కన్నులు మూతపడును. బండి మాటలాడునపుడే, చోదకునకు రాత్రి విశ్రాంతి యుండవలెననియు, చీకటిపడిన పిమ్మట ప్రయాణము లేదనియు నిశ్చయము చేసికొనవలెను.

నేను గమనించినంతలో, కొండకంటెను వానకంటెను ఆత్రమే ప్రబల శత్రువు. తిరుగు రైలునకు చీటీ ముందే కొని, నాలుగు దినములలో అంతయు ముగింపవలెనని బయలుదేరినవారే చోదకుని గద్దింతురు. బహుమానము ఆశచూపి మూసిన దారిని దాటింతురు. కావున యాత్రకు పది దినములు చాలుననుకొన్నచో పదునాలుగు దినములు కేటాయింపుడు. అదనపు నాలుగును దారికి దక్షిణగా భావింపుడు.

మన పూర్వులు సన్న్యాసులకు చాతుర్మాస్య నియమము విధించిరి. నిత్యము సంచరించు యతి సైతము వర్షకాలమున ఒకచోట నిలువవలెను. గృహస్థులమైన మనకు అంతకంటె తొందర యేమున్నది? వాన వెనుదిరిగిన కార్తికమున గాని, చైత్ర వైశాఖములందు గాని పోవుడు. పగలు పోవుడు. దారి మూసిన దినమున ఊరిలో నిలువుడు. ముక్తినాథుడు ఎచ్చటికిని పోడు. మీరు క్షేమముగా ఇంటికి మరలివచ్చి, తెచ్చిన సాలగ్రామమును మీ మనుమల చేతిలో నుంచుటయే ఆ యాత్రకు పరిపూర్తి.