తిరగని డిస్కు

2008 జనవరి 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో, మ్యాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ ఒక కాగితపు కవరులోంచి ల్యాప్‌టాప్ బయటికి తీశాడు. మూడు పౌండ్ల బరువు, అంటే కిలోన్నరకు కాస్త తక్కువ. ఆ మ్యాక్‌బుక్ ఎయిర్ ఎంత పల్చగా ఉందో లోకమంతా చెప్పుకుంది. నాకు అంతకంటే ఆసక్తిగా కనిపించేది దాని ధరల పట్టిక. ల్యాప్‌టాప్ ఒకటే, డ్రైవ్‌లు రెండు రకాలు. 80 జీబీ హార్డ్ డిస్కుతో తీసుకుంటే 1799 డాలర్లు. దాని బదులు 64 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని చిప్‌ల డ్రైవ్, కావాలంటే పైన మరో 999 డాలర్లు. అప్పటి మారకంలో రమారమి నలభై వేల రూపాయలు. చోటు 16 జీబీ తగ్గుతుంది, ధరేమో సగం మేర పెరుగుతుంది.

జీబీకి ఇంత అని లెక్క వేసేవాళ్ళకు అది ఏ మాత్రం గిట్టని బేరం. అయినా ఆ 999 డాలర్లు ఏం కొంటున్నాయో ఆ లెక్కలో కనపడదు. ఒకే సంచిలో పట్టే ఆ రెండు డ్రైవ్‌లు వేర్వేరు వంశాలవి. ప్రీమియం ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఈనాటికీ మనల్ని తికమకపెట్టే డ్రైవ్ ధరలన్నీ ఆ రెండు వంశాల కథలోంచి వచ్చినవే.

పాత వంశం 1956లో మొదలైంది. కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వంలో ఐబీఎం ఇంజినీర్లు రామాక్ అనే కంప్యూటర్ కోసం తొలి హార్డ్ డిస్కు తయారుచేశారు. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు యాభై, నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. అంత భారీ యంత్రంలో పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోకు దాదాపు అంత చోటు పోతుంది. తర్వాతి యాభై ఏళ్ళలో పళ్ళేలు కుదించుకుపోయి, ఎయిర్‌లో పెట్టిన డిస్కు దగ్గరికి వచ్చేసరికి వెడల్పు 1.8 అంగుళాలకు చేరింది. చోటు వేల రెట్లు పెరిగింది.

నిరీక్షణ మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. ఎయిర్‌లోని డిస్కు నిమిషానికి 4200 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 70. ఒక చుట్టుకు 14 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే 7 మిల్లీసెకన్లు. అంతకుముందు ఆ ముల్లు సరైన వలయం మీదికి జరగాలి, దానికి మరో 15 దాకా పడుతుంది. వెరసి ఒక చిన్న ఫైలు చదవడానికి 20 మిల్లీసెకన్ల పైమాటే. ఆ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేగం 1.6 గిగాహెర్ట్జ్. డిస్కు నుంచి జవాబు వచ్చేలోపు దాని గడియారం మూడు కోట్ల సార్లకు పైగా కొట్టుకుంటుంది. కంప్యూటర్ లేవాలంటే అలాంటి చిన్న ఫైళ్ళు వేలల్లో చదవాలి. మీట నొక్కి తెర వంక చూస్తూ కూర్చున్న నిమిషాలు చాలావరకు ఈ నిరీక్షణలోంచే పుట్టాయి.

రెండో వంశానికి మూలం 1967లో బెల్ ల్యాబ్స్‌లో ఉంది. కొరియాలో పుట్టిన డావన్ కాంగ్, తైవాన్‌లో పెరిగిన సైమన్ జీ కలిసి ట్రాన్సిస్టర్‌లో ఒక మార్పు చేసి చూశారు. గేటు కింద ఇంకో గేటు పెట్టి, దాన్ని నలువైపులా బంధకంతో మూసేశారు. దానికి ఏ తీగా కలపలేదు. తగినంత వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ పల్చటి బంధకం పొరను దాటి లోపలికి చేరతాయి. వోల్టేజి తీసేస్తే బయటికి దారి లేక అక్కడే ఉండిపోతాయి. గోడను పగలగొట్టకుండా, గోడ మీంచి ఎక్కకుండా ఎలక్ట్రాన్ అవతలికి చేరే ఈ పద్ధతిని భౌతికశాస్త్రం క్వాంటం టన్నెలింగ్ అంటుంది. లోపల ఎలక్ట్రాన్లు ఉంటే ఒక అంకె, లేకపోతే మరొక అంకె. కరెంటు పోయినా చెదరని జ్ఞాపకం అది. అందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు.

ఈ ఊహ చవకైన సరుకుగా మారడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ 1971లో తెచ్చిన చిప్‌ను చెరపాలంటే అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. తర్వాత కరెంటుతోనే చెరిపే చిప్‌లు వచ్చాయి. వాటిలో ఒక్కొక్క బైటును విడిగా చెరిపే సదుపాయం ఉండటంతో ట్రాన్సిస్టర్లు ఎక్కువ కావలసి వచ్చి, ధర కొండెక్కింది.

అసలు మలుపు తొషిబా ఇంజినీరు ఫుజియో మసువోకాది. ఒక్కొక్క బైటును విడిగా చెరిపే హక్కును ఆయన వదులుకున్నాడు. చెరిపితే ఒక పెద్ద ముక్కనంతా ఒకేసారి చెరుపుదాం అనుకున్నాడు. దాంతో ఒక అంకెకు ఒక్క ట్రాన్సిస్టరే సరిపోయింది. 1984లో ఫ్లాష్ మెమరీని ప్రకటించాడు, 1987లో దాన్ని ఇంకా పొదుపుగా పేర్చే నాండ్ పద్ధతిని తెచ్చాడు. వేగం కొంత పోయినా సరే, చవగ్గా ఉండాలి. హార్డ్ డిస్కు చోటును ఏదో ఒకరోజు ఆక్రమించాలంటే ఇదే దారి అని ఆయన ముందే చూశాడు. ఇంత పెద్ద పరిశ్రమకు పునాది వేసిన ఆ మనిషి చివరికి తన వాటా కోసం కోర్టుకెక్కవలసి వచ్చింది. 2004లో తొషిబా మీద వంద కోట్ల యెన్‌లకు దావా వేశాడు. 2006లో 8.7 కోట్ల యెన్‌లతో రాజీ కుదిరింది. చేసిన పనితో పోలిస్తే అది చాలా చిన్న మొత్తమని నా అభిప్రాయం.

1988లో కాలిఫోర్నియాలో ఎలీ హరారీ, జాక్ యువాన్, సంజయ్ మెహ్రోత్రా కలిసి ఫ్లాష్ మెమరీతో డ్రైవ్‌లు చేయడానికి సన్‌డిస్క్ అనే కంపెనీ పెట్టారు. తర్వాత అదే శాన్‌డిస్క్ అయింది.   కాన్పూరులో పుట్టిన మెహ్రోత్రా ఇప్పుడు మైక్రాన్ అనే చిప్‌ల కంపెనీకి అధిపతి. ఆ కంపెనీకి హైదరాబాద్‌లో పెద్ద అభివృద్ధి కేంద్రమే ఉంది. సన్‌డిస్క్ 1991లో ఐబీఎంకు అమ్మిన ఎస్‌ఎస్‌డీలో పట్టేది 20 ఎంబీ. ధర వెయ్యి డాలర్ల వరకు. ఎంబీకి యాభై డాలర్లన్న మాట.

అదే వెయ్యి డాలర్లకు పదిహేడేళ్ళ తర్వాత 64 జీబీ, అంటే మూడు వేల రెట్లు ఎక్కువ చోటు. ఎయిర్ ధరల పట్టికను ఇలా చూస్తే అది దోపిడీలా అనిపించదు. చిన్న ఫైలు చదవడానికి పట్టే కాలం 20 మిల్లీసెకన్ల నుంచి ఒక మిల్లీసెకనులో చిన్న భాగానికి దిగిపోయింది. తొలినాటి ఎస్‌ఎస్‌డీలకు లోపాలు లేకపోలేదు. చిన్న చిన్న రాతల దగ్గర తడబడేవి. ముక్కను మొత్తంగా చెరిపితేగాని కొత్తది రాయలేకపోవడమే దానికి కారణం. మసువోకా చవక కోసం వదులుకున్నది ఇక్కడ మళ్ళీ ఎదురొచ్చింది. డ్రైవ్‌లోని నియంత్రణ చిప్‌లు తెలివిమీరాక ఆ తడబాటు చాలావరకు తగ్గింది. రెండున్నరేళ్ళకు పైగా ఆగినవాళ్ళకు 2010 అక్టోబరులో వచ్చిన చిన్న ఎయిర్ 64 జీబీ ఫ్లాష్‌తో సహా మొత్తం 999 డాలర్లకే దొరికింది. ఎయిర్‌లలోంచి హార్డ్ డిస్కు పూర్తిగా తప్పుకుంది.

ధర ఇంకా ఎలా తగ్గిందో తెలిస్తే దుకాణంలో అడగవలసిన ప్రశ్న తెలుస్తుంది. మొదట్లో ఒక సెల్‌లో, అంటే ఎలక్ట్రాన్లను బంధించే ఒక్కో ట్రాన్సిస్టర్‌లో, ఎలక్ట్రాన్లు ఉన్నాయా లేవా అని మాత్రమే చూసేవారు. తర్వాత ఎన్ని ఉన్నాయో కూడా కొలవడం మొదలుపెట్టారు. గ్లాసులో నీళ్ళున్నాయా లేవా అని చెప్పడం సులువు. పదహారు గీతల్లో ఏ గీత దాకా ఉన్నాయో చెప్పాలంటే గ్లాసు నిలకడగా ఉండాలి, చూసే కన్ను నిదానించాలి. సెల్‌కు ఒక బిట్ దాచే ఎస్‌ఎల్‌సీలో మట్టాలు రెండు. ఎంఎల్‌సీలో నాలుగు, టీఎల్‌సీలో ఎనిమిది, క్యూఎల్‌సీలో పదహారు. మూడు బిట్ల నుంచి నాలుగుకు వెళ్తే పెరిగే చోటు మూడోవంతే. కానీ గుర్తించవలసిన మట్టాలు రెట్టింపవుతాయి. అందుకే క్యూఎల్‌సీ డ్రైవ్‌లు నెమ్మదిగా రాస్తాయి, త్వరగా అరుగుతాయి. కొంత భాగాన్ని తాత్కాలికంగా సెల్‌కు ఒక బిట్ పద్ధతిలో వాడుకుని వేగంగా కనిపిస్తాయి. ఆ భాగం నిండాక, వందల జీబీల వీడియోలు ఒకేసారి ఎక్కించేటప్పుడు కొన్ని డ్రైవ్‌ల వేగం పాత హార్డ్ డిస్కు స్థాయికి పడిపోతుంది. ధరలో తేడా స్వల్పమైతే టీఎల్‌సీనే అడగండి.

సెల్‌ను అడ్డంగా కుదించడం ఒక హద్దు దగ్గర ఆగిపోయింది. ఒక మట్టానికీ మరో మట్టానికీ మధ్య తేడా కొద్దిపాటి ఎలక్ట్రాన్లకు వచ్చేసరికి చదవడమే కష్టమైంది. అప్పుడు నిలువుగా కట్టడం మొదలుపెట్టారు. 2013లో శాంసంగ్ 24 అంతస్తుల చిప్‌ను మార్కెట్‌కు తెచ్చింది. 2022లో మైక్రాన్ 232 అంతస్తులకు చేరింది. చోటు ఇంత చవకైంది చాలావరకు ఈ మేడల వల్లే.

అరుగుదల గురించి భయం మాత్రం ఎక్కువమందికి అక్కర్లేదు. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకు 600 టీబీల రాతలకు హామీ ఇవ్వడం మామూలు. రోజుకు 30 జీబీ రాసినా అది పూర్తికావడానికి యాభై ఏళ్ళు దాటుతుంది. 200 టీబీల హామీ ఉన్న క్యూఎల్‌సీకి కూడా పద్దెనిమిదేళ్ళు పడుతుంది. ల్యాప్‌టాప్‌లో మిగతావన్నీ అంతకుముందే పోతాయి.

పెట్టె మీద సెకనుకు 7000 ఎంబీ అని రాసి ఉంటే అది పెద్ద ఫైలును వరసగా చదివేటప్పటి వేగం. చిన్న ఫైళ్ళను ఒకదాని తర్వాత ఒకటి చదివే రోజువారీ పనిలో ఖరీదైన డ్రైవ్‌లు కూడా సెకనుకు వంద ఎంబీకి అటూఇటుగానే ఉంటాయి. హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి వచ్చినప్పుడు కలిగిన ఆనందం 3500 నుంచి 7000కు మారితే రాదు. సినిమా ఎడిటింగ్ లాంటి పని లేనివాళ్ళు ఆ డబ్బును చోటు మీద పెట్టడం మేలు.

చోటుకూ వేగానికీ సంబంధం కూడా ఉంది. డ్రైవ్ వేగం చాలావరకు చిప్‌లన్నీ ఒకేసారి పనిచేయడం వల్ల వస్తుంది. 2022 నాటి ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ 256 జీబీ మోడల్‌లో రెండు చిప్‌ల బదులు ఒకటే పెట్టారు. పరీక్షించినవాళ్ళకు చదివే వేగం పాత ఎం1లో ఉన్నదాంట్లో సగమే వచ్చింది. 2024 మోడల్‌లో మళ్ళీ రెండు చిప్‌లు పెట్టారు. అన్నిటికంటే తక్కువ చోటున్న మోడల్‌ను ఎంచుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. డ్రైవ్ నిండేకొద్దీ చెరిపి రాయడానికి ఖాళీ ముక్కలు తగ్గి వేగం మందగిస్తుంది కాబట్టి, అవసరానికి మించి కనీసం ఐదోవంతు ఉంచుకోవాలి. 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476గా కనిపిస్తుంది. వెయ్యితో లెక్కపెట్టేది తయారీదారు, 1024తో లెక్కపెట్టేది విండోస్. ఎవరూ ఏమీ దాచుకోలేదు.

ఇక ధర. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 నుంచి 512కు మారడానికి ఆపిల్ అమెరికాలో 200 డాలర్లు తీసుకుంటూ వచ్చింది. 2023లో మంచి 1 టీబీ డ్రైవే విడిగా వంద డాలర్ల లోపు దొరికింది. మ్యాక్‌బుక్‌లలో ఫ్లాష్ చిప్‌లు బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. కొన్న తర్వాత పెంచుకునే దారి లేదు కాబట్టే ఆ ధర చెల్లుతూ వచ్చింది. కొనేవాడి చేతిలోంచి మార్చుకునే హక్కు తీసేసి దానికి అంత వెల కట్టడం నాకు న్యాయంగా తోచదు. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో మాత్రం ఎస్‌ఎస్‌డీ ఎం.2 స్లాట్‌లో ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. కొనే ముందు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి స్లాట్ ఉందో లేదో చూడండి. స్లాట్ ఉంటే తక్కువ చోటున్న మోడల్ తీసుకుని తర్వాత మార్చుకోవచ్చు. సోల్డర్ చేసి ఉంటే నాలుగైదేళ్ళ అవసరాన్ని ఆరోజే లెక్కగట్టాలి. అలాంటప్పుడు ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గి డ్రైవ్‌లో ఒక మెట్టు ఎక్కమనే చెబుతాను.

బోర్డు పాడైతే సోల్డర్ చేసిన చిప్‌లోని ఫైళ్ళు కూడా దాంతోనే పోయే ప్రమాదం ఉంది. పాత ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టి, ఫొటోలు అందులో భద్రంగా ఉన్నాయనుకోవడమూ సరికాదు. పరిశ్రమ ప్రమాణం ప్రకారం, రాతల పరిమితి పూర్తయిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల వేడిలో కరెంటు లేకుండా ఏడాది పాటు సమాచారాన్ని నిలుపుకోవాలి. తక్కువ వాడినది ఇంకా ఎక్కువకాలం నిలుపుతుంది, వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మూసి ఉన్న గదిలో 30 డిగ్రీలు ఎక్కడ ఉంటాయి? హార్డ్ డిస్కు అయస్కాంతంతో రాస్తుంది, అందులోంచి కారిపోయే ఎలక్ట్రాన్లు లేవు. జీబీకి ధర ఇప్పటికీ దానిదే తక్కువ. అందుకే ల్యాప్‌టాప్ బడ్జెట్ వేసుకునేటప్పుడు, ఫైళ్ళ నకళ్ళ కోసం బయట పెట్టుకునే 2 టీబీ హార్డ్ డిస్కు ధరను కూడా అందులోనే కలపండి.