ఆరోగ్యవరము

మా పెద్దలు “వానిని ఆరోగ్యవరమునకు తీసికొనిపోయిరి” అని చెప్పునపుడు గొంతు తగ్గించి చెప్పెడివారు. ఆ మాటకు క్షయ యని యర్థము. సంగతి పొక్కినచో ఆ యింటి పిల్లను చేసికొనువారుండరని భయము.

ఈ యారోగ్యవరము మదనపల్లి వెలుపల, నాటి చిత్తూరు జిల్లాలో, సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన యెత్తున నున్నది. ఒంటరిగా మోయజాలని భారమును పెక్కు క్రైస్తవ మిషనులు పంచుకొని, అచ్చట క్షయరోగ చికిత్సాలయమును నెలకొల్పినవి. అది 1915లో తెరువబడెను. డెన్మార్కు దేశస్థులగు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్ మోలర్ గారు దానికి ప్రథమాధికారి.

ఊరికి దూరముగా, మెట్టమీద నేల కట్టిరి? జర్మను వైద్యుడగు రాబర్టు కోఖ్ గారు 1882లోనే క్షయక్రిమిని కనుగొనిరి గాని, దానిని చంపు మందు మరి యరువదేండ్ల వరకు దొరకలేదు. కనుక పొడిగాలియు, మంచి యాహారమును, విశ్రాంతియు, ఇవియే ఔషధములు. నెలల తరబడి పరుండుటయే రోగి పని. జ్వరము తగ్గిన పిమ్మట కొంచెము నడక, పిదప మరికొంచెము. కొందరికి రొమ్ములోనికి సూదితో గాలి నెక్కించి, చెడిన ఊపిరితిత్తి ముడుచుకొని విశ్రమించునట్లు చేసెడివారు. వినుటకు వింతయైనను అది నాటి శాస్త్రసమ్మతమగు చికిత్సయే. చంటిబిడ్డను అత్తగారి చేతిలో విడిచి వచ్చిన తల్లికి ఆ విశ్రాంతి యెట్టిదో చదువరులే యూహింతురు గాక.

1948లో హిందూదేశమున బి.సి.జి. టీకాలు మొదట వేసిన తావులలో మదనపల్లి యొకటి. స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనయాజిడ్ అను మందులును వచ్చెను. 1956లో మద్రాసునందు ఒక పరీక్ష ప్రారంభించిరి. బీదరోగులలో కొందరిని చికిత్సాలయమున నుంచి, కొందరికి ఇంటియొద్దనే అవే మందు లిచ్చిరి. ఇంటనున్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇల్లు ఇరుకు. అయినను గుణము ఇంచుమించు సమానముగా నుండెను! ఇంటివారికి రోగము అందువలన హెచ్చుగా సోకలేదు. ఇక మెట్టగాలితో పని యేమి? కాలక్రమమున ఆరోగ్యవరము సర్వరోగములకు చికిత్స చేయు వైద్యశాలగా మారెను.

నేడు సాధారణముగా ఆరు మాసములు మందులు మ్రింగిన చాలును. ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. అయినను మొన్న ఒక తండ్రి మాయొద్దకు వచ్చి, కుమారుని సెలవు చీటిలో క్షయ యని వ్రాయక, జ్వరమని వ్రాసికొనుడని చేతులు జోడించి వేడుకొనెను.